వేరుశనగలో బూజు విషం: మార్కెటింగ్ శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

యార్డులో వేరుశనగకు ధర కట్టేది తేమ, గింజ శాతం, రంగు చూసి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ బీ1 అనే విషం మాత్రం కంటికి కనపడదు.

విచిత్రమేమిటంటే, విషాన్ని విరిచేయాల్సిన కాలేయమే దీన్ని మరింత ప్రమాదకరం చేస్తుంది. అక్కడి ఎంజైములు దాన్ని ఎపాక్సైడ్ అనే, ఇట్టే అతుక్కునే రూపంలోకి మారుస్తాయి. అది డీఎన్ఏ రాతలోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌కు (జీ) అతుక్కుంటుంది. మరమ్మతు కాకముందే కణం విభజన చెందితే జీ ఉండాల్సిన చోట టీ (థైమిన్) అనే మరో అక్షరం పడుతుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువు 249వ కోడాన్‌లో (మూడక్షరాల పదంలో) వచ్చే ఈ మార్పు కాలేయ క్యాన్సర్‌కు దారి తీయగలదు. హెపటైటిస్ బీ ఉన్నవారికి ముప్పు ఎన్నో రెట్లు. వేయిస్తే విషం కొంత తగ్గుతుందే గానీ పోదు.

రాయలసీమలో కాయ ఊరే చివరి వారాల్లో బెట్ట తగిలితే బూజు చేలోనే పడుతుంది. దానికి మనం చేయగలిగింది తక్కువే. కోత తర్వాత జరిగేది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. ఒలిచేటప్పుడు గింజ పగలకూడదని మిల్లులో కాయలపై నీళ్లు చల్లి, తడి ఆరకుండానే మూటలు కట్టేస్తారు. అసలు తంటా అదే. కాయలో తేమ 8 శాతానికి దిగేదాకా గోదాములోకి రానివ్వకండి.

నమూనా పద్ధతీ మారాలి. విషమంతా కొన్ని గింజల్లోనే పోగై ఉంటుంది కాబట్టి గుప్పెడు తీస్తే అవి దొరకవు. చాలా బస్తాల నుంచి కొంచెం కొంచెంగా తీసి, మొత్తం పొడి చేసి కలిపాకే పరీక్షకు పంపాలి.

ఏరిపారేసిన ముడత గింజలు గానుగకు, ఆ చెక్క పశువులకు పోతోంది. చెక్కలోని విషం పాలలో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే మరో రూపంలో తేలుతుంది. ఆ గింజలను యార్డులోనే విడిగా తూచి, ఆహారంలోకీ దాణాలోకీ వెళ్లకుండా ఆపే ఉత్తర్వు ఈ సీజన్‌లోనే ఇవ్వండి.