మన సంఘం వార్షిక నివేదిక: నెల్లూరు ఎండలో సోయా కొవ్వొత్తి

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా మన కాలనీ సంఘం చేసిన పనులను మీ ముందు పెడుతున్నాను. ఏటా జరిగేవి ముందు చెప్పేస్తాను. వానలకు ముందే వీధి కాలువల్లో పూడిక తీయించాం. రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు వైపు వెళ్ళే యాత్రికులకు మజ్జిగ పంచాం. సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. మిగిలిన నివేదిక అంతా ఒకే పని గురించి: సోయా మైనంతో ఇంట్లో కొవ్వొత్తులు చేయడం. ఈ ఏడు ఎక్కువమంది వచ్చింది దీనికే, ఎక్కువ డబ్బు పెట్టింది దీనికే, ఎక్కువ తప్పులు చేసిందీ ఇందులోనే. రాలేకపోయినవాళ్ళు చదివి సొంతంగా మొదలుపెట్టేలా రాయమని కార్యవర్గం కోరింది. అందుకే కాస్త పొడుగవుతోంది, ఓపిగ్గా చదవండి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయిన రాత్రులు మనకెవరికీ మరుపుకు రావు. ఆ రాత్రుల్లో వెలిగించిన కొవ్వొత్తుల మసి గోడలకు పట్టిందని, వాసన పడలేదని మాటల్లో మాటగా వచ్చింది. అవి పారాఫిన్ మైనంతో చేసినవి, అంటే పెట్రోలియం నుంచి తీసింది. సోయా మైనం సోయాబీన్ నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచినది. నూనెను వనస్పతిగా మార్చే పనీ ఇదే, కాకపోతే ఇక్కడ ఇంకా గట్టిగా అయ్యేదాకా చేస్తారు. 1990ల మొదట్లో అమెరికాలో కొవ్వొత్తుల కోసం ఇది వాడకంలోకి వచ్చింది. మన మాట ఒకసారి చూడండి: కొవ్వు, వత్తి కలిస్తే కొవ్వొత్తి. ఒకప్పుడు జంతువుల కొవ్వు కరిగించి చేసేవారు కాబట్టి ఆ పేరు. పారాఫిన్ కొవ్వు కాదు. సోయా మైనం రసాయనికంగా కొవ్వే. పేరుకు తగ్గ వస్తువు మళ్ళీ చేతికి వచ్చిందని మొదటి క్లాసులో చెప్పినప్పుడు అందరి ముఖాల్లో కనిపించిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

ఒక సంగతి మాత్రం సూటిగా చెప్పాలి. సోయా కొవ్వొత్తికి మసే రాదన్నది నిజం కాదు. వత్తి పొడుగైతే, గాలి తగిలి మంట ఊగితే ఏ మైనమైనా మసి ఇస్తుంది. వత్తి సరిగా ఉంటే చాలా తక్కువ.

మొదటి క్లాసు మే నెలలో పెట్టాం. అది నా పొరపాటు. రోహిణి కార్తెలో మన ఊరు ఎలా ఉంటుందో తెలిసి కూడా, పిల్లలకు సెలవులు కదా అని ఆ రోజులే ఎంచాను. గ్లాసుల్లో పోసే రకం సోయా మైనం రకాన్ని బట్టి 46 నుంచి 54 డిగ్రీల మధ్య కరుగుతుంది. బయట 42, 43 డిగ్రీలు కాస్తుంటే అది కరగదు కానీ మెత్తబడుతుంది, లోపల కలిపిన సువాసన నూనె పైకి చుక్కలుగా తేలుతుంది. "పొద్దున గట్టిగా ఉణ్ణింది కదక్కా, మద్దేనానికి ఏంది ఇట్టా చెమట పట్టింది?" అని ఒక చెల్లెలు తన గ్లాసు పట్టుకొచ్చి అడిగింది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. స్కూటీ డిక్కీలో పెట్టి తీసుకెళ్ళిన ఇంకో రెండు గ్లాసులు ఇంటికి చేరేసరికి పూర్తిగా కరిగి, వత్తి పక్కకు ఒరిగిపోయింది.

అప్పటినుంచి మనం కట్టుకున్న పద్ధతి ఇది. మైనం కొనేటప్పుడు ప్యాకెట్ మీద కరిగే డిగ్రీ చూడాలి. అది రాయని ప్యాకెట్ తీసుకోవద్దు. గ్లాసుల్లో పోసే మైనాల్లో 50 డిగ్రీలకు పైన కరిగేది మన ఎండాకాలానికి నయం. సువాసన నూనె తక్కువ కలిపితే చెమటా తక్కువ. చేసిన గ్లాసులు మూతపెట్టి ఇంట్లో చల్లటి గదిలో కింది అరలో ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, ఉన్నట్టుండి చల్లబడితే మైనం పగులుతుంది, గ్లాసు గోడ నుంచి విడిపోతుంది. క్లాసులు కూడా పొద్దున ఆరు గంటలకు మార్చాం. గాలి ఒక వైపు నుంచే తగిలితే మైనం ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత గట్టిపడి పైభాగం గుంటలు పడుతుంది, కాబట్టి పోసిన గ్లాసుల మీద ఫ్యాన్ తిరగకూడదు. నెల్లూరులో ఫ్యాన్ లేకుండా కూర్చోగలిగేది ఆ వేళలోనే.

ఇక పని ఎలా చేయాలో. కావలసినవి: సోయా మైనం రవ్వలు, అల్లిన నూలు వత్తి (అడుగున రేకు బిళ్ళ ఉన్నది), వేడికి ఆగే గ్లాసు, గ్రాములు చూపే కాటా, వంటకు వాడే థర్మామీటరు, ఒక పెద్ద గిన్నె, దానిలో కూర్చునే మూతి ఉన్న స్టీలు పాత్ర. ఆ స్టీలు పాత్రను మళ్ళీ వంటకు వాడవద్దు.

ముందు ఖాళీ గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేసి, మైనం ఎంత ఎత్తుకు కావాలో అంతవరకు నీళ్ళు పోసి తూచండి. నీళ్ళు 200 గ్రాములు వస్తే మైనం 170, 175 గ్రాములు పడుతుంది. మైనం నీళ్ళకంటే తేలిక. తర్వాత గ్లాసును బాగా తుడిచి ఆరబెట్టాలి. తడి మిగిలితే వెలిగించినప్పుడు వత్తి చిటపటలాడుతుంది. వత్తి బిళ్ళను గ్లాసు అడుగున నడిమధ్యలో అతికించి, పైకొసను రెండు ఐస్‌క్రీం పుల్లల మధ్య నిలబెట్టాలి.

పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, అందులో మైనం ఉన్న పాత్ర ఉంచి కరిగించాలి. నేరుగా పొయ్యి మీద పెట్టవద్దు. ఇది పదేపదే చెబుతున్నానంటే కారణం ఉంది. ఒక ఇంట్లో ఆలస్యమవుతోందని నేరుగా గ్యాస్ మీద పెట్టి, తలుపు కొట్టిన వాళ్ళతో మాట్లాడి వచ్చేసరికి మైనం పొగలు కక్కుతోంది. దేవుడి దయవల్ల అంటుకోలేదు. పొగ వచ్చిందంటే అది చివరి హెచ్చరిక అనుకోండి. గ్యాస్ కట్టేసి మూత పెట్టేయాలి. మంట వచ్చినా అంతే, నీళ్ళు మాత్రం చల్లవద్దు. నీళ్ళు పడితే కాగిన మైనం ఎగిరి మంట నలుదిక్కులా పాకుతుంది. క్లాసు జరిగినన్ని రోజులూ పొయ్యి పక్కన పెద్ద స్టీలు మూత, పొడి ఇసుక డబ్బా పెట్టించాను. ఇంట్లో చేసేవాళ్ళూ పెట్టుకోండి. చిన్నపిల్లలను, కొంగులను పొయ్యికి దూరంగా ఉంచండి.

మైనం 80, 85 డిగ్రీలకు వచ్చాక దించి, సువాసన నూనె కలిపి రెండు నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. వంద గ్రాముల మైనానికి 6 గ్రాములతో మొదలుపెట్టండి. చాలా మైనాలు 10 దాకా పట్టుకుంటాయని రాస్తారు గానీ మన వేడికి 6 చాలు. చెంచాలతో కొలవవద్దు, తూచండి. కొవ్వొత్తులకని అమ్మే నూనెనే వాడండి. అత్తరు, ఒంటికి కొట్టుకునే సెంటు వద్దు, అందులో ఆల్కహాలు ఉంటే మండే ప్రమాదం. మల్లె వాసన మన వాళ్ళందరికీ నచ్చింది. కిచెన్‌లో పెట్టుకోవడానికి నిమ్మగడ్డి బాగుంది.

అది 55, 60 డిగ్రీలకు చల్లబడ్డాక గ్లాసులో సన్నటి ధారగా పోయాలి. మరీ వేడిగా పోస్తే గుంటలు పడే అవకాశం ఎక్కువ, మరీ చల్లబడితే పైభాగం గరుకుగా వస్తుంది. ఒక రాత్రి కదపకుండా వదిలేయండి. ఇక్కడే చాలామందికి ఓపిక పోయింది: గట్టిపడిన రోజే వెలిగించి వాసన రావడం లేదన్నారు. సోయా మైనం నూనెను తనలో ఇముడ్చుకోవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆవకాయ కలిపిన రోజు ఎలా ఉంటుంది, మాగాక ఎలా ఉంటుంది? అదే లెక్క.

మైనం మీద, గ్లాసు అంచుల్లో తెల్లగా నూగులాంటిది కనిపిస్తే కంగారుపడకండి. కొవ్వు గడ్డకట్టే తీరు వల్ల వచ్చే స్ఫటికాలు అవి. వెలుగుకు, వాసనకు ఏ లోటూ ఉండదు. రంగు వేస్తే ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. మనం రంగులు మానేసి లేత వెన్నరంగునే ఉంచుకున్నాం, నాకు అదే అందంగా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది వత్తి. కార్తీక దీపాలకు చేసిన పత్తి వత్తులు ఇంట్లో ఉన్నాయి కదా అని కొందరు అవే పెట్టారు. ప్రమిదలో చక్కగా వెలిగే వత్తి మైనంలో నిలబడలేదు. కరిగిన మైనంలో వాలిపోయి ఆరిపోయింది. అల్లిన వత్తి వేరు. అది కాలేకొద్దీ కొస వంగి మంట అంచుకు వచ్చి, తానే కాలి పొట్టిగా అవుతుంది. పైగా ఎక్కువగా మండేది వత్తి కాదు, వత్తి ద్వారా పైకి పాకి ఆవిరైన మైనం. పిల్లలకు ఇది చూపించాం: కొవ్వొత్తి ఆర్పగానే లేచే తెల్ల పొగకు అగ్గిపుల్ల చూపిస్తే, మంట ఆ పొగలోనే కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. ఇరవైసార్లు చేయించారు నా చేత.

వత్తి లావు గ్లాసు వెడల్పును బట్టి ఉండాలి. సన్నదైతే మధ్యలో గొయ్యి పడి చుట్టూ మైనం అలాగే మిగిలిపోతుంది. లావైతే మంట ఎగిరి, మసి వచ్చి, గ్లాసు కాలిపోతుంది. కంపెనీకో లెక్క కాబట్టి ఒక వత్తి పేరు చెప్పి ఇదే కొనండి అనలేను. ఒకే గ్లాసుకు మూడు సైజులు పెట్టి వెలిగించి చూడాల్సిందే. మొదటిసారి వెలిగించినప్పుడు మైనం గ్లాసు అంచు దాకా కరిగేవరకు ఉంచాలి, 7 సెంటీమీటర్ల గ్లాసుకు దాదాపు మూడు గంటలు. ఏ రోజైనా నాలుగు గంటలు దాటనివ్వవద్దు. ప్రతిసారీ వెలిగించే ముందు వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. అడుగున ఒక సెంటీమీటరు మైనం ఉండగానే ఆపేయాలి. వాన రాత్రి కరెంటు లేదని వెలిగించి నిద్రపోవద్దు.

గ్లాసు విషయంలో మనకు ఒక దెబ్బ తగిలింది. పల్చటి పాత టీ గ్లాసు ఒకటి పరీక్షలో మూడో గంటకు పగిలి మైనమంతా బల్ల మీదికి వచ్చింది. కింద స్టీలు పళ్ళెం ఉండబట్టి సరిపోయింది. కొబ్బరి చిప్పలు, రంగు పూయని మట్టి ప్రమిదలు అందంగా ఉంటాయని అడిగారు. చిప్ప మండుతుంది, మట్టి నూనెను పీల్చి తానే వత్తిలా అంటుకోవచ్చు. ఆ రెండూ సంఘం క్లాసుల్లో వద్దని కార్యవర్గం తీర్మానించింది.

చనిపోయినవారిని తలచుకునే నవంబరు 2న సమాధుల దగ్గర పెట్టడానికి నిలువు కొవ్వొత్తులు కావాలని మన క్రైస్తవ సోదరీమణులు అడిగారు. గ్లాసు మైనం అచ్చు తీస్తే తనంత తాను నిలబడేంత గట్టిగా ఉండదు, దానికి వేరే రకం మైనం కావాలి. అంతలో ఆ రోజు రానే వచ్చింది. గ్లాసుల్లో చేసినవే తీసుకెళ్ళారు. తీరా చూస్తే గాలికి అవే నయమయ్యాయని, అంచు అడ్డం ఉండటంతో చీకటి పడేదాకా వెలిగాయని చెప్పారు. అనుకోకుండా జరిగిన మంచి ఇది.

అమ్మకం గురించి సభలో గట్టిగా చర్చ జరిగింది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, ఆ వెనకే రోజుకో రూపాయి దాచిన పొదుపు సంఘాలు మన జిల్లా ఆడవాళ్ళవి. నేర్చుకున్న పని నాలుగు రూపాయలు తేవాలని కోరుకోవడం న్యాయమే, నేనూ కోరుకుంటున్నాను. కానీ క్రిస్మస్‌కు అమ్మేద్దామన్నప్పుడు వద్దన్నది నేనే. పూర్తిగా చివరిదాకా వెలిగించి, గంటలు రాసిపెట్టి చూసిన గ్లాసు అప్పటికి మన దగ్గర ఒక్కటీ లేదు. మనం అమ్మింది ఇంకో ఇంట్లో, మనం చూడని చోట మండుతుంది. నా మాట కొందరికి బాధ కలిగించిందని తెలుసు. ఫిబ్రవరికి ఒక గ్లాసు, ఒక వత్తి, ఒక మైనం కలిసిన కూర్పు ఒకటి అన్ని పరీక్షలూ దాటింది. దాన్ని మాత్రమే అమ్మకానికి అనుకుంటున్నాం. ప్యాకెట్ సరుకుల నిబంధనలు 2011 ప్రకారం తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర లేబుల్ మీద ఉండాలి. వాటితోపాటు వత్తి కత్తిరించమని, నాలుగు గంటలు దాటవద్దని, పిల్లలకు అందనివ్వవద్దని తెలుగులో అచ్చువేయిస్తాం.

కరిగిన మైనం సింకులో పోసినవాళ్ళకు ఒక మనవి. మన కాలువల పూడిక తీయించిన సంగతి మొదట్లోనే చెప్పాను. పాత్రను వేడిగా ఉండగానే కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తబుట్టలో వేయండి, ఆ తర్వాతే సబ్బు నీళ్ళు.

జమాఖర్చులు కోశాధికారి సభలో చదువుతారు, పుస్తకం ఎవరైనా చూడవచ్చు. సంఘం డబ్బుతో కొన్న వాటిలో రెండు కాటాలు కార్యాలయంలో ఉన్నాయి. మూడు థర్మామీటర్లలో ఒకటి ఇంకా తిరిగి రాలేదు, తీసుకున్నవారు దయచేసి ఇచ్చేయండి, వచ్చే క్లాసుకు కావాలి.

కొత్తవాళ్ళ తరగతి ఈసారి మేలో ఉండదు. ఎండలు తగ్గాక, శ్రావణంలో మొదలుపెడతాం, ఆదివారం పొద్దున ఆరుకు. పేర్లు ముందే ఇవ్వండి, పొయ్యి దగ్గర ఒకేసారి ఆరుగురికి మించి నిలబడనివ్వను. నూలు చీరో చుడీదారో కట్టుకుని, జుట్టు ముడేసుకుని రండి. గ్లాసు తెచ్చుకోవద్దు, పరీక్షించినవి మేమే ఇస్తాం.

మీ
కార్యదర్శి