సంతకం పెట్టించే ముందు ఆ కాగితం అర్థమయ్యేలా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆరోగ్యం దెబ్బతిని సర్వీసు మధ్యలోనే ఇంటికి పంపేసిన సైనికుల గురించి రాస్తున్నాను. మా భాషలో బోర్డ్ అవుట్ అంటాం. నేనూ అలా వచ్చినవాణ్నే. పదమూడేళ్ల సర్వీసు, అందులో రెండు విడతలు ఎత్తైన కొండల మీద, బరువులు మోసి మోసి నడుములో డిస్క్ పోయింది. మెడికల్ బోర్డు వైకల్యం 30 శాతం అని రాసి, దాని కిందే ‘ఇది సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు’ అని ఇంకో ముక్క రాసింది. నొప్పి మొదలైనప్పుడు నేను పీస్ స్టేషన్‌లో, అంటే సరిహద్దు డ్యూటీ లేని ప్రశాంతమైన చోట ఉన్నానట, అదీ కారణం. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఆ ఒక్క ముక్కతోనే నా డిజేబిలిటీ పెన్షన్ పోయిందని ఇంటికి ఉత్తరం వచ్చాకే తెలిసింది.

ఎంత శాతం రాశారని అందరూ అడుగుతారు గానీ రెండో ముక్క సంగతి ఎవరూ అడగరు. అది ఎదురు తిరిగితే శాతం ఎంతున్నా లాభం లేదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చేరేటప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాయకపోతే ఆరోగ్యంగా చేరినట్టే లెక్క, ఆ తర్వాత వచ్చింది సర్వీసు వల్ల కాదని చూపించాల్సింది ప్రభుత్వమే తప్ప సైనికుడు కాదు, పైగా బోర్డు కారణాలు రాయాలి. ఇంత మేలైన తీర్పు ఉందని నాకు చెప్పినవాళ్లే లేరు. (2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, ఆ తర్వాత బయటికొచ్చినవాళ్లు వాటిని కూడా తప్పకుండా చూసుకోవాలి.)

తిరస్కరణ ఉత్తరం వచ్చాక మొదటి అప్పీలుకు ఆరు నెలలు గడువు ఉంటుంది, అక్కడా కాదంటే రెండో అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్, మనకు చెన్నై బెంచ్. నేను మాత్రం ఆ ఉత్తరాన్ని ట్రంకు పెట్టెలో పడేసి, ఇక ఇంతేలే అనుకుని ఆరేళ్లు ఊరుకున్నాను. చివరికి ట్రిబ్యునల్‌లో గెలిచినా, ఆలస్యంగా వచ్చావని మూడేళ్ల బకాయిలే ఇచ్చారు. మిగతా మూడేళ్ల డబ్బు పోయినట్టే. ఆ మూడేళ్లలోనే నా భార్య నగలు అమ్ముకున్నాం.

డబ్బు లెక్క కూడా చాలామందికి తెలీదు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం డిజేబిలిటీ ఎలిమెంట్‌గా, అంటే పెన్షన్‌లో వైకల్యానికిచ్చే భాగంగా ఇస్తారు. చేసిన సర్వీసుకిచ్చే భాగం, అంటే సర్వీసు ఎలిమెంట్ వేరు. బోర్డ్ అవుట్ అయినవాళ్లకు 50 లోపు ఎంత రాసినా దాన్ని 50గా లెక్కగట్టాలి కాబట్టి, నాకు రాసిన 30 కూడా 50 అయింది, అంటే జీతంలో 15 శాతం. జీవితాంతం వచ్చే డబ్బు ఇది.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. బోర్డు కాగితం మీద సంతకం పెట్టించే ముందు అందులో ఏం రాశారో సైనికుడికి తన భాషలో చెప్పాలి, ఒక కాపీ చేతికివ్వాలి. తిరస్కరణ ఉత్తరంతో పాటే అప్పీలు ఎక్కడికి, ఎప్పటిలోగా అన్నది తెలుగులో ఒక పేజీ పంపాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో అప్పీలు రాసిపెట్టగల మనిషి ఒకరైనా ఉండాలి. గాయం రిపోర్టు, ఆసుపత్రి డిశ్చార్జి స్లిప్పులు, ఎక్కడెక్కడ పోస్టింగ్ చేశామో ఆ వివరాలు, ఇవన్నీ రెజిమెంట్ వదిలేలోగా తీసుకుంటే సులువు. ఇంటికొచ్చాక రికార్డ్ ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూ కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

పోయిన వారం పక్క ఊరి కుర్రాడు ఒకడు అచ్చం నాకొచ్చినలాంటి ఉత్తరమే పట్టుకుని వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లు, వినికిడి దెబ్బతింది. ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది, ఇంగ్లీషులో ఉందని ఎవరికీ చూపించలేదట. అప్పీలుకు ఇంకా టైముంది. ఈ ఆదివారం ఇద్దరం కూర్చుని రాస్తున్నాం.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్