రాయగడ కలెక్టర్ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయ కలెక్టర్ గారికి నమస్కారం.

మా మేనకోడలు ప్లస్ టూ చదువుతూ స్పోర్ట్స్ హాస్టల్లో హాకీ ఆడుతోంది. దసరా సెలవులకు వచ్చి, రికార్డు బుక్కు ముందేసుకుని గంటసేపు మార్జిన్లే గీసింది. ఒక్క ముక్క రాయలేదు. స్టిక్కు గ్రిప్ ఊడి వేలాడుతున్నా పట్టించుకోలేదు. బద్ధకమని హాస్టల్లో అదనంగా రౌండ్లు కొట్టించారట. మజ్జిగౌరమ్మకు మొక్కుకోమన్నారు చుట్టాలు. మొక్కుకున్నాం కూడా.

ఇది బద్ధకం కాదండీ. తీరని అలసట, ఎంత ఆడినా ఏమీ సాధించలేదనిపించడం, ప్రాణంగా చూసుకున్న ఆట మీదే వెగటు పుట్టడం బర్నవుట్ లక్షణాలు. పనులు వాయిదా వేయడం కూడా చాలాసార్లు ఓడిపోతామనే భయంతోనే. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల చికిత్సలో ఆ ఆలోచనను పట్టుకుని, పనిని చిన్న ముక్కలు చేసి మొదలుపెట్టిస్తారు. తిడితే భయం ఇంకా పెరుగుతుంది.

2018 నుంచి భారత హాకీ జట్లకు స్పాన్సర్ మన ఒడిశా ప్రభుత్వమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు మెంటల్ కండిషనింగ్ కోచ్‌గా ప్యాడీ అప్టన్ ఉన్నారు. వాళ్లకు అవసరమైంది మన పిల్లలకు అక్కర్లేదా?

మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితమే. హాస్టల్లో ఫోన్లు లాక్కుంటే ఎక్కణ్నుంచి చేస్తారు? ముందు ఆ వీలు కల్పించండి. వారానికొకసారి సైకాలజిస్టును పంపండి. తెలుగు కూడా వచ్చినవారైతే మేలు, ఏడుపొస్తే మా పిల్లలకు ఒడియా రాదు.

ఇట్లు,
ఒక మేనమామ, గుణుపూర్