మాత్ర ఎప్పుడు వేయాలో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నకు పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, కదలికలు మందగించే మెదడు జబ్బు) వచ్చి నాలుగేళ్లు. లెవోడోపా మాత్ర రోజుకు మూడుసార్లు వేయమన్నారు, అంతే. పప్పన్నం తిన్న వెంటనే వేస్తే మాంసకృత్తులు అడ్డుపడి మందు సరిగా ఒంటికి పట్టకపోవచ్చని మాకు రెండేళ్లకు గానీ తెలియలేదు. అదీ మందుల షాపు కుర్రాడు చెబితే! అప్పటిదాకా మధ్యాహ్నం కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతుంటే జబ్బు ముదిరిందని టెన్షన్ పడేవాళ్లం. ఈ మందు ఉన్నట్టుండి ఆపకూడదు. అదీ మాకెవరూ చెప్పలేదు. మలబద్ధకం, వాసన తెలియకపోవడం కూడా ఈ జబ్బులో భాగమేనట. వాకిట్లో ముగ్గు గీత దాటమంటే నాన్న ఆగిన అడుగు కదులుతుంది. ఇలాంటి కిటుకులు ఫిజియోథెరపిస్టులకు బాగా తెలుసు.

స్విమ్స్, రుయా వంటి ఆసుపత్రులున్న తిరుపతిలో నెలకొకసారి రోగులకూ, ఇంట్లోవాళ్లకూ ఇవన్నీ చెప్పే రెండు గంటల తరగతి పెట్టాలి. ఏప్రిల్ 11న పార్కిన్సన్స్ దినమని బ్యానర్ కడితే చాలదు. తరగతి ఓపీ రోజే ఉంటే పుత్తూరు, శ్రీకాళహస్తి వాళ్లకు రెండోసారి బస్సు చార్జీ తప్పుతుంది. రాత్రిళ్లు నిద్రలేని మా అమ్మలాంటి వాళ్లకూ అక్కడ ఓ పది నిమిషాలు కేటాయించండి.

— ఒక పాఠకుడు, తిరుపతి