వార్డులో కరెంటు పెట్టె పట్టే ముందు

చిట్టితల్లీ,

పక్షవాతం వార్డులో మెదడుకు కరెంటు ఇచ్చే పెట్టె వచ్చే వారం నుంచి నువ్వే చూసుకోవాలని రాశావు. దాన్ని పట్టుకునే ముందు ఒక్కటి మనసులో పెట్టుకో. ఆ కరెంటు చేతిని కదిలించదు. కండరానికి కరెంటు పెడితే వేళ్లు లేస్తాయే, ఇది అలాంటిది కాదు. ఇచ్చేది 2 మిల్లీఆంపియర్ల డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు. అందులో చాలావరకు నెత్తి చర్మంలోనే పోతుంది. లోపలికి చేరిన కొద్దిపాటి కరెంటు నాడీకణాలు స్పందించే తీరును కాస్త మారుస్తుంది. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షె, పౌలుస్ అనే పరిశోధకులు చూపించింది ఇదే. అందుకే కరెంటు ఇచ్చే ఇరవై నిమిషాలూ చేతికి పని ఉండాలి. పేషెంటును ఊరికే పడుకోబెట్టి పెట్టె ఆన్ చేసి వెళ్లిపోకు.

కరెంటు దిగే తడి స్పాంజిని కంటి అంచనాతో పెట్టకు, టేపు తియ్యి. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక గుబ్బ దాకా కొలిచి సగం, ఒక చెవి ముందు నుంచి రెండో చెవి ముందు దాకా కొలిచి సగం. ఆ రెండూ కలిసేది నడినెత్తి. చెవి నుంచి చెవికి 36 సెంటీమీటర్లు వస్తే, అందులో ఐదో వంతు, అంటే 7.2 సెంటీమీటర్లు పక్కకు జరుగు. కుడి చెయ్యి పడిపోయిందంటే ఎడమ పక్కకు, ఆ చేతిని నడిపేది ఎడమ మెదడే. కుడి చెయ్యి కదా అని కుడివైపు పెట్టేస్తారు, జాగ్రత్త. ఆనోడ్ (ప్లస్ తీగ స్పాంజి) అక్కడ, క్యాథోడ్ (మైనస్ తీగ స్పాంజి) కుడి కనుబొమ పైన. తీగల రంగు రెండుసార్లు చూడు.

మన దగ్గర అసలు చిక్కు కొబ్బరినూనె. నూనె తలమీద కరెంటు దిగదు, రెసిస్టెన్స్ ఎక్కువుందని పెట్టె మొరాయిస్తుంది. అప్పుడు కంగారుపడి సెలైన్ పోస్తారు. అది జుట్టంతా పాకి, కరెంటు తడి వెంట పరుచుకుంటుంది, చోటు కొలిచిన కష్టమంతా వృథా. అందుకే తలంటుకుని రమ్మని ముందురోజే చెప్పు. 5×7 సెంటీమీటర్ల స్పాంజికి సిరంజితో ఒక్కో వైపు 6 మిల్లీలీటర్ల సెలైన్ చాలు. కారకూడదు, ఆరిపోనూ కూడదు. ఆరిన స్పాంజి కింద కరెంటు ఒకే చుక్క దగ్గర గుమిగూడి చర్మం కాలుతుంది.

కరెంటును 30 సెకన్లలో మెల్లగా పెంచు, మెల్లగానే దించు. చిమచిమ, దురద మామూలే. ఒకచోట మంటగా ఉందంటే ఆపు. కానీ కరెంటు ఉండగా స్పాంజి లాగకు, కళ్లముందు మెరుపు కనిపించి మనిషి బెదిరిపోతాడు. ఫిట్స్ వచ్చినవాళ్లకు, తలలో లోహం ఉన్నవాళ్లకు, పుర్రె ఎముక తీసినవాళ్లకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు డాక్టర్ తేల్చి చెప్పనిదే పెట్టనే వద్దు.

ఇక చేతి పని. బంతి పిసకమనకు. ఆ వేళ్లు ముడుచుకోవడం ముందే నేర్చాయి, రానిది విప్పడం. గ్లాసు పట్టించి వదిలించు, శనగలు ఏరించు, చొక్కా గుండీ పెట్టించు. వేలు అసలు లేవకపోతే బల్లమీద గుడ్డ వేసి, దానిమీద చెయ్యి ముందుకు జరిపించు. ఎన్నిసార్లు చేశారో లెక్క రాయి.

ఇంటివాళ్లు "చెయ్యి వచ్చేస్తుందా అమ్మా" అని అడుగుతారు. లేనిపోని ఆశ పెట్టకు. అమెరికాలో 129 మందితో చేసిన ట్రాన్స్‌పోర్ట్-2 పరీక్షలో 2, 4 మిల్లీఆంపియర్లు ఇచ్చినవాళ్లకూ, ఉత్తుత్తి కరెంటు పెట్టినవాళ్లకూ తేడా తేలలేదు. మూడు గుంపులూ సగటున బాగుపడ్డాయి, మూడింటిచేతా గట్టిగా సాధన చేయించారు మరి. మెడలోని వేగస్ నాడికి ఆపరేషన్‌తో పరికరం అమర్చి, చెయ్యి కదిపిన ప్రతిసారీ అర సెకను కరెంటు ఇచ్చే పద్ధతి వేరు. 108 మందితో చేసి 2021లో అచ్చయిన పరీక్షలో, చేతి కదలికను చూసే 66 పాయింట్ల కొలతమీద వాళ్లు సగటున 5 పెరిగారు, ఉత్తుత్తి కరెంటువాళ్లు 2.4. అక్కడా సాధనను వదల్లేదు చూడు.

స్పాంజి తీశాక కింది చర్మం చూడు. ఎరుపు కాసేపట్లో తగ్గకపోయినా, పొక్కు కనిపించినా మర్నాటి సెషన్ ఆపి, డాక్టర్‌కు చూపించు.

అమ్మ