30 ఏళ్ల డ్రైవరుకి గేరు గుర్తు రాదా?

సంపాదకుడు గారికి,

యాక్షన్ సినిమాలో లాజిక్ వెతక్కూడదన్న మాట మీ సినిమా పేజీలో తరచూ కనిపిస్తుంది. కొంతవరకు నాదీ అదే మాట. విజయవాడ ఆటోనగర్‌లో లారీల బ్రేకు పని చేస్తాను. హీరో తంతే సుమో గాల్లో గిరికీలు కొట్టినా ఈల వేసేవాణ్ణే. తుపాకీ గుండు తగలగానే డీజిల్ ట్యాంకు బాంబులా పేలినా పట్టించుకోను. నిజానికి చిల్లులోంచి డీజిల్ కారి రోడ్డు పాడవుతుంది, అంతే. పాత్రల ఒంటి బలం ఎంతయినా పెంచుకోండి, బుర్ర మాత్రం ఎందుకు తీసేస్తారన్నదే నా గొడవ.

ఈ మధ్య గాంధీనగర్‌లో ఓ కొత్త సినిమా చూశాను. హీరో తండ్రి లారీ డ్రైవరు, 30 ఏళ్ల సర్వీసు. విలన్ ట్రాన్స్‌పోర్టు ఓనరు. రాత్రిపూట మనిషిని పంపి లారీ కింద బ్రేకు పైపు కోయిస్తాడు. తెల్లారాక ఆ లారీ ఘాట్ రోడ్డు దాకా హాయిగా పోయి, సరిగ్గా లోయ పక్కన బ్రేకు ఫెయిలవుతుంది. ఇప్పటి లారీలవి గాలి బ్రేకులు. పైపు కోస్తే గాలి దిగిపోతుంది, మీటరులో ముల్లు పడిపోతుంది, బజరు మోగుతుంది. పైగా గాలి పోయిందంటే వెనక చక్రాల దగ్గరి స్ప్రింగులు బిగుసుకుని చక్రాలు పట్టేస్తాయి. ఆ బండి ఉన్నచోటు నుంచి కదలదు. సరే, చూసేవాళ్లందరూ మెకానిక్కులు కారు, అదీ వదిలేద్దాం. కానీ అన్నేళ్లు లారీ నడిపినవాడికి గేరు తగ్గించి ఇంజను పట్టుతో వేగం తగ్గించాలని తోచదా? బండిని కొండ వైపు ఒరిపించి ఆపుదామని తోచదా? స్టీరింగు అటూ ఇటూ తిప్పుతూ కొడుకు పేరు పెట్టి అరుస్తాడు!

హీరోయిన్ సంగతి ఇంకా అన్యాయం. విలన్ మనుషులు హీరోని చంపడానికి బయల్దేరడం బెజవాడలో కళ్లారా చూస్తుంది. హీరో ఉండేది గుంటూరులో. ఆమె చేతిలో ఫోనుంది, అంతకుముందు ఓ పాట మొత్తం ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నట్టే తీశారు. ఈవిడ బస్సెక్కుతుంది. 35 కిలోమీటర్లు ఏడుస్తూ కూర్చుంటుంది. నా పక్క సీటు కుర్రాడు "ఫోన్ చెయ్యి తల్లీ!" అని అరిచాడు. చార్జింగ్ అయిపోయినట్టు ఒక్క షాటు పెట్టినా సరిపోయేది. ఈలోగా విలన్ లోడు లారీలు ప్రకాశం బ్యారేజీ మీద పరుగు. భారీ వాహనాలను దాని మీదికి రానివ్వరని ఇక్కడెవరికి తెలియదు?

భారతం చెప్పినవాళ్లు ఇలా వదిలెయ్యలేదు. పద్మవ్యూహంలో అభిమన్యుడు ఒంటరివాడయ్యాడంటే, మరి భీముడేం చేస్తున్నాడని వినేవాడు అడుగుతాడు. అందుకే సైంధవుడున్నాడు, ఒక్కరోజు అర్జునుణ్ణి తప్ప మిగతా పాండవులను ఆపగలిగేలా శివుడిచ్చిన వరముంది. అర్జునుడేడీ అంటే, సంశప్తకులు యుద్ధానికి పిలిచి దూరంగా తీసుకుపోయారు. లోపలికి పోవడమే తెలుసు, బయటికి రావడం తెలియదని కుర్రాడే ముందు చెప్పాడు. ఎక్కడా కన్నం లేదు. పైగా కౌరవ వీరులంతా కలిసి మీదపడ్డారు. మన సినిమా రౌడీల్లా ఒకడు తన్నులు తింటుంటే మిగతావాళ్లు కర్రలూపుతూ వంతు కోసం నిలబడలేదు.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు పోవడం నిజంగానే జరుగుతుంది. డీజిల్ మిగులుతుందని గేరు తీసేసి న్యూట్రల్‌లో దింపుతారు. బరువంతా బ్రేకుల మీద పడి డ్రమ్ములు కాలిపోతాయి, లైనర్ల నుంచి పొగ లేస్తుంది, ఆపైన ఎంత తొక్కినా పట్టదు. ఆ వేగంలో మళ్లీ గేరు వేద్దామన్నా పడదు. తప్పని డ్రైవరుకి తెలుసు. అయినా చేస్తాడు, ఎందుకంటే ట్రిప్పుకి ఇన్ని లీటర్లేనని ఓనరు లెక్క కడతాడు, మించితే బత్తాలో కోస్తాడు. ఆ సినిమాలో విలన్ ఓనరే కదా! మనిషిని లారీ కిందికి పంపాల్సిన పనే లేదు. ఆఫీసులో కూర్చుని డీజిల్ లెక్క అడిగితే చాలు.

— ఒక బ్రేకు మెకానిక్, ఆటోనగర్, విజయవాడ