మా నాన్న దగ్గరికి వెళ్ళనివ్వని లాక్‌డౌన్ వాళ్ళ పార్టీలకు లేదా మంత్రి గారూ?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో పార్టీ చేసుకుని ఆ వీడియో పెట్టిన ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ (సోషల్ మీడియాలో పేరున్న మనిషి) గురించి. మొదటి మూడూ మీ శాఖ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాను. మొదటిదానికి "మీ ఫిర్యాదు నమోదైంది" అని మెసేజ్ వచ్చింది. రెండోదానికి "సంబంధిత విభాగానికి పంపించాం" అన్నారు. మూడోదానికి ఏకంగా "పరిష్కరించబడింది" అని వచ్చేసింది. ఏం పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో చెప్పే దిక్కు లేదు. నేను ఫిర్యాదు చేసిన ఆ వీడియో ఆ రోజు రాత్రి కూడా తీసి చూశాను, అలాగే ఉంది, చూసినవాళ్ళ సంఖ్య మాత్రం రెట్టింపయింది. అందుకే ఈసారి పోర్టల్‌లో కాకుండా నలుగురికీ కనిపించేలా రాస్తున్నాను. కోపంలో ఎక్కడైనా మాట తూలితే మన్నించండి, కానీ దయచేసి చివరిదాకా చదవండి.

లాక్‌డౌన్ రూల్స్ ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ ఉత్తర్వులు ఇచ్చిందే మీరు. నేను చెప్పేది ఆ వీడియో గురించి. పద్నాలుగు నిమిషాల వీడియో అది. లక్షల మంది ఫాలోవర్లున్న ఆ ఇన్‌ఫ్లుయెన్సర్ పుట్టినరోజు. ఊరి బయట పెద్ద ఇల్లు, స్విమ్మింగ్ పూల్, పాటలు. మూడో నిమిషం దగ్గర ఆపి తలలు లెక్కపెట్టాను, ఫ్రేములో ఉన్నవాళ్ళే ఇరవై ఇద్దరు. కెమెరా వెనక ఎంతమందో దేవుడికే తెలియాలి. ఇద్దరికి మాస్కు ఉంది, అదీ గడ్డం కింద. ఒకే మైకును చేతులు మార్చుకుంటూ నోటికి ఆనించి పాడారు. కొవ్వొత్తులు నోటితో ఊది ఆర్పి, అదే కేకు అందరూ తిన్నారు. కింద మాత్రం చిన్న అక్షరాల్లో "అన్ని జాగ్రత్తలూ తీసుకుని చిత్రీకరించాం" అని వేశారు. మధ్యలో రెండుసార్లు ప్రకటనలు వచ్చాయి. అంటే ఆ పార్టీ మీద డబ్బులు కూడా వచ్చాయన్న మాట.

ఆ పార్టీ జరిగిన వారంలోనే మా నాన్న పోయారు.

ఆయనకు డెబ్బై ఒకటి. వేరే ఊళ్ళో ఉండేవారు. జ్వరం అని ఫోన్ చేశారు, మూడో రోజుకి ఆయాసం అన్నారు, నాలుగో రోజు ఆసుపత్రిలో చేర్చారు. నేను బయల్దేరతానంటే లాక్‌డౌన్లో ఊరు దాటడానికి పాస్ కావాలన్నారు. పాస్‌కు అప్లై చేస్తే రిజెక్ట్ అయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ రిజెక్ట్. కోవిడ్ వార్డులోకి ఎలాగూ ఎవరినీ రానివ్వరు కదా, వెళ్ళి ఏం చేస్తారు అని హెల్ప్‌లైన్‌లో ఒకాయన మంచిగానే చెప్పాడు. నేనూ వాదించలేదు. నిజమే కదా అనుకున్నాను. నేను వెళ్తే దారిలో ఇంకెవరికైనా అంటించవచ్చు, లేదా నేనే తెచ్చుకుని ఇంట్లో పిల్లాడికి ఇవ్వవచ్చు. లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే మనిషి నుంచి మనిషికి ఇది పాకుతుందని మీ శాఖ వాళ్ళే టీవీలో పదేపదే చెప్పారు. నమ్మాను. నమ్మి ఇంట్లో ఉండిపోయాను.

చివరి రోజు ఒక నర్సమ్మ వీడియో కాల్ చేసింది. ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. తల నుంచి కాళ్ళదాకా వైరస్ సోకకుండా వేసుకునే ఆ పీపీఈ కిట్‌లో ఉంది, మొహం కూడా కనిపించలేదు. రెండు జతల గ్లవ్స్ వేసుకున్న వేలికి ఫోన్ స్క్రీన్ పలకడం లేదు, కెమెరా తిప్పాలని నొక్కుతుంటే కాల్ కట్ అయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ అయింది. మూడోసారి నాన్న మొహం సగం కనిపించింది, మిగతా సగం ఆక్సిజన్ మాస్కు. "నాన్నా, నేను" అన్నాను. కళ్ళు తెరిచారు. నన్ను గుర్తుపట్టారో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. అంత్యక్రియలు కూడా ఫోన్లోనే చూశాను, సిగ్నల్ సరిగ్గా లేక బొమ్మ మధ్యమధ్యలో ఆగిపోతూ.

మంత్రి గారూ, నేను రూల్‌ను తప్పు పట్టడం లేదు, అది మీరు బాగా గమనించాలి. ఆ రూల్ ఎందుకు పెట్టారో నాకు అర్థమైంది కాబట్టే పాటించాను. నాలాంటివాళ్ళు కోట్ల మంది పాటించారు. పెళ్ళిళ్ళు వాయిదా వేసుకున్నవాళ్ళు, పుట్టిన మనవరాలిని ఏడాది వరకూ ఎత్తుకోనివాళ్ళు, పని పోయి ఇంట్లో కూర్చున్నవాళ్ళు, అందరూ ఏదో ఒకటి వదులుకున్నవాళ్ళే. నా బాధల్లా ఒక్కటే, మేం వదులుకున్నదాన్ని వాళ్ళు వీడియో తీసి అమ్ముకుంటున్నారు, మీరు చూస్తూ ఊరుకుంటున్నారు.

నాన్న వస్తువులు పది రోజుల తర్వాత ఒక ప్లాస్టిక్ కవర్లో సీల్ వేసి పంపారు. కళ్ళజోడు, వాచీ, ఫోన్. ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే నోటిఫికేషన్లు వరసగా టింగు టింగుమంటూ వచ్చాయి. నేను చేసిన మిస్డ్ కాల్స్ ఉన్నాయి, బ్యాంకు మెసేజ్‌లు ఉన్నాయి. వాటి మధ్యలో ఆ ఇన్‌ఫ్లుయెన్సర్ కొత్త వీడియో, "మిస్ అవ్వకండి" అని. మా అబ్బాయి అంతకుముందు సెలవులకు వెళ్ళినప్పుడు తాతయ్య ఫోన్లో ఆ ఛానెల్‌ను సబ్‌స్క్రైబ్ చేసి పెట్టాడట. నేను ఆ పార్టీ వీడియో మొదటిసారి చూసింది అలా, మా నాన్న ఫోన్లో.

అప్పటి నుంచి ఇలాంటి వీడియోలు ఎన్ని చూశానో లెక్క లేదు. నిద్ర పట్టదు, చూస్తాను. కర్ఫ్యూ టైమ్‌లో ఖాళీ రోడ్ల మీద బైక్ స్టంట్లు, "పోలీసులకు దొరక్కుండా ఊరు దాటడం ఎలా" అనే వీడియోలు, మూసేసిన బీచ్‌లో ఫొటోషూట్లు. ఎవరైనా కామెంట్లో అడిగితే ఇచ్చే జవాబులు కూడా నాకు కంఠతా వచ్చేశాయి. "ఇది పాత వీడియో" అంటారు. పాతదైతే ఇప్పుడెందుకు పెట్టావు, జనం బయటికి రావద్దని చెబుతున్న రోజుల్లో? "అందరం టెస్ట్ చేయించుకున్నాం, నెగెటివ్" అంటారు. వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి పద్నాలుగు రోజుల దాకా పట్టవచ్చు, మొదటి రోజుల్లో చేసిన టెస్టులో దొరకనే దొరకదు. నెగెటివ్ అంటే ఆ పూటకు కనిపించలేదని మాత్రమే అర్థం. "కంటెంట్ మా ఉద్యోగం, మేమూ బతకాలి" అంటారు. బతకాల్సింది వాళ్ళొక్కరేనా? ఇంట్లో కూర్చుని చేసే వీడియోలకు ఎవరు అడ్డుపడ్డారు?

వాళ్ళు ఏం చేసినా వాళ్ళ ఇంటితో ఆగదు, అందుకే నేనింత గొడవ పెడుతున్నాను. మామూలు మనిషి రూల్ తప్పితే పక్కింటివాళ్ళు చూస్తారు. వీళ్ళు తప్పితే పదిహేనేళ్ళ పిల్లలు లక్షల మంది చూస్తారు, చూసి అదే మామూలు అనుకుంటారు. మా అబ్బాయి ఫ్రెండ్ ఇంటికి వెళ్తానన్నాడు, వద్దన్నాను. "అమ్మా, అంత పెద్దవాళ్ళే పార్టీలు చేసుకుంటున్నారు, వాళ్ళకేమీ కాలేదు కదా" అన్నాడు. తాతయ్య పోయిన ఇంట్లో పిల్లాడు ఆ మాట అన్నాడండీ. వాడిని తిట్టలేకపోయాను. వాడికి కనిపిస్తున్నది అదే. వాళ్ళకు కేసు లేదు, ఫైన్ లేదు, జబ్బు చేసినట్టు కూడా ఎవరూ వీడియో పెట్టరు.

చర్య తీసుకోవడం కుదరదని మాత్రం అనకండి. వేరేచోట్ల తీసుకున్నారు. 2020 ఆగస్టులో అమెరికాలోని లాస్ ఏంజిలెస్‌లో హాలీవుడ్ హిల్స్ మీద టిక్‌టాక్ స్టార్లు ఉండే ఇంట్లో పార్టీలు ఆపకపోతే, మేయర్ ఎరిక్ గార్సెట్టి ఆ ఇంటికి కరెంటు కట్ చేయించారు. తర్వాత ఇద్దరి మీద కేసులు కూడా పెట్టారు. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాలిలో మాస్కు లేదని ఒకామెను సూపర్‌మార్కెట్ గార్డు ఆపితే, ఆమె మొహానికి మాస్కులాగా నీలం పెయింట్ వేసుకుంది, తోడున్న అతనితో కలిసి లోపలికి వెళ్ళి ఇద్దరూ వీడియో తీశారు. వినోదం కోసమే చేశామని క్షమాపణ చెప్పినా అక్కడి ప్రభుత్వం వదల్లేదు, పాస్‌పోర్టులు తీసుకుని దేశం నుంచే పంపించేసింది. బ్రిటన్ నుంచి లాక్‌డౌన్లో "పని మీద" అంటూ దుబాయ్ వెళ్ళి బీచ్ ఫొటోలు పెట్టిన ఇన్‌ఫ్లుయెన్సర్ల సంగతి 2021 జనవరిలో అక్కడి హోం మంత్రి ప్రీతి పటేల్ పార్లమెంటులోనే ఎత్తారు. ఆ తర్వాత దేశం దాటేవాళ్ళు కారణం రాసి ఇవ్వాల్సిందేనని రూల్ వచ్చింది. వాటితోనే అంతా ఆగిపోయిందని నేననడం లేదు. కనీసం తప్పు అని ప్రభుత్వం నోరు తెరిచి చెప్పింది కదా.

ఇన్‌ఫ్లుయెన్సర్లందరినీ ఒకే గాటన కట్టడం కూడా నాకు ఇష్టం లేదు. ఏ ఆసుపత్రిలో బెడ్ ఖాళీగా ఉందో, ఎక్కడ ఆక్సిజన్ దొరుకుతుందో రాత్రంతా కూర్చుని షేర్ చేసిన పిల్లలు ఉన్నారు, నాన్న కోసం నేను వెతుకుతున్నప్పుడు ముక్కూ మొహం తెలియని ఒకమ్మాయి తన పేజీలో పెట్టి సాయం చేసింది. ఫిన్లాండ్ 2020 మార్చిలోనే ఇలాంటివాళ్ళను అత్యవసర సమాచారం చేరవేసేవాళ్ళలో భాగంగా లెక్కలోకి తీసుకుంది. మంచికి వాడుకుంటే ఎంత మేలు జరుగుతుందో మీకూ తెలుసు. తెలుసు కాబట్టే మీరూ ప్రకటనలు చేయించారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఇది రాయాలంటేనే చేతులు వణుకుతున్నాయి. ఆ పార్టీ చేసుకున్న మనిషే మీ "ఇంట్లోనే ఉందాం" ప్రచారంలో ఉన్నారు. మీ శాఖ లోగోతో, చేతులు జోడించి, మాస్కు సరిగ్గా ముక్కు మీదకు లాక్కుని, "మీ పెద్దవాళ్ళను కాపాడుకోండి" అని చెప్పారు. నేను ఆ ప్రకటన చూసి మా నాన్నకు ఫార్వర్డ్ చేశాను కూడా. ఇది నా రెండో ఫిర్యాదులోనే రాశాను, రెండు వీడియోల లింకులూ పెట్టాను. చూసుకుంటామని మీ ఆఫీసు నుంచి ఫోన్లో ఒకావిడ మాటిచ్చారు. నెల దాటింది. ఆ ప్రకటన ఇంకా వస్తూనే ఉంది. ఆ ప్రకటనకు వాళ్ళకు డబ్బులిచ్చారో లేదో నాకు తెలియదు, ఇచ్చి ఉంటే అందులో నేను కట్టిన పన్ను కూడా ఉంది.

ముందు ఆ ప్రకటన ఆపండి. ఈ రోజే ఆపండి, దానికి ఫైళ్ళు కదలక్కర్లేదు, మీరు ఒక్క ఫోన్ చేస్తే చాలు. రూల్ తప్పి తీసిన వీడియోల మీద వచ్చే ఆదాయం ఆగేలా ఆ కంపెనీలతో మాట్లాడండి. ఫైన్ వేస్తే సరిపోతుందని అనుకోవద్దు, ఒక్క వీడియో ఆదాయంతో ఫైన్ కట్టేసి, ఫైన్ కట్టడాన్ని కూడా ఇంకో వీడియో తీస్తారు. ఎంతమంది చూసిన వేదిక మీద తప్పు చేశారో ఆ వేదిక మీదే, అదే ఫాలోవర్ల ముందు, ఇలా చేయకూడదు అని వాళ్ళ నోటితో చెప్పించండి. జైల్లో పెట్టమని నేను అడగడం లేదు. ఎవరి పిల్లలో, వాళ్ళకూ తల్లిదండ్రులుంటారు. కానీ చూసీ చూడనట్టు వదిలేయకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను, అలా మాత్రం వదిలేయకండి.

మా నాన్న ఫోన్ ఇంకా నా దగ్గరే ఉంది. స్విచాఫ్ చేయబుద్ధి కాదు, ఛార్జింగ్ పెడుతూనే ఉంటాను. ఆ ఛానెల్ సబ్‌స్క్రిప్షన్ మాత్రం మా అబ్బాయే వచ్చి తీసేశాడు, నేనేం చెప్పకముందే. దయచేసి ఈ ఉత్తరానికైనా మనిషి రాసిన జవాబు పంపండి. "పరిష్కరించబడింది" అని మెసేజ్ మాత్రం పంపకండి.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఇంట్లోనే ఉండమంటే ఉన్న ఒక కూతురు